కాలితో తొక్కే కుట్టు మిషన్ ఇంకా ఎందుకు నడుస్తోంది?

గత ముప్పై ఏళ్లలో మన ఇళ్లలోంచి చాలా వస్తువులు వెళ్లిపోయాయి. టేప్‌ రికార్డరు, వీసీఆరు, డబ్బా టీవీ, ల్యాండ్‌లైన్ ఫోను, అన్నీ పాత సామాన్ల బండెక్కాయి. నల్లటి ఇనుప కుట్టు మిషన్ మాత్రం కదల్లేదు. విజయవాడ సందుల్లోకి వెళ్లినా, కరీంనగర్ పక్క పల్లెలోకి వెళ్లినా, జాకెట్లు కుట్టే ఇంటి వరండాలో అదే నలుపు, అదే ఒంపు, పక్కన అదే చక్రం. పందొమ్మిదో శతాబ్దంలో రూపుదిద్దుకున్న యంత్రం ఇంకా పొట్ట నింపుతోందంటే దానికి పాత రోజుల మీద మమకారం ఒక్కటే కారణం కాదు. మమకారంతో అద్దె కట్టలేం. అసలు కారణాలు దాని పొట్టలోనూ, దాని చరిత్రలోనూ, కుట్టే పనిలోనూ ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

ఒకే సూదితో రెండు దారాల కుట్టు ఎలా పడుతుంది?

చేతికుట్టులో సూది గుడ్డను పూర్తిగా దాటి అవతలికి వెళ్లి మళ్లీ ఇవతలికి రావాలి. దారమంతా దాని వెంట లాగాలి. యంత్రంతో ఈ పని చేయించడం కష్టం. అందుకే మిషన్ సూది గుడ్డను దాటి వెళ్లిపోదు. కొంచెం కిందికి దిగి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. దాని కన్ను కూడా పైన కాక మొన దగ్గర ఉంటుంది. మొన దిగగానే పై దారం కూడా గుడ్డ కిందికి చేరాలి కదా.

అసలు కిటుకు సూది పైకి లేవడం మొదలుపెట్టినప్పుడు ఉంది. అది ఓ రెండు మిల్లీమీటర్లు లేచేసరికి దారం గుడ్డ రాపిడికి ఆగిపోయి, సూది పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అదే క్షణానికి కింద షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉచ్చులో దూరుతుంది. దాన్ని సాగదీసి, కింది దారం చుట్టిన బాబిన్ ఉండే కేసు చుట్టూ తిప్పి, అవతలి వైపు వదిలేస్తుంది. బాబిన్ ఉన్నచోటే ఉంటుంది, కానీ దాని దారం పై దారం ఉచ్చులోంచి దూరినట్టే అయింది. ఈలోగా ముందువైపు పైకీ కిందికీ ఊగే మీట మిగులు దారాన్ని పైకి లాగేస్తుంది. రెండు దారాలూ గుడ్డ మందం మధ్యలో మెలిపడి బిగుస్తాయి. దీన్నే లాక్‌స్టిచ్ అంటారు.

ప్రతి కుట్టుకూ ఇంత దారం కిందికి వెళ్లి, చాలా మటుకు మళ్లీ పైకి వచ్చేస్తుంది. కాబట్టి దారంలోని ఒకే ముక్క గుడ్డలో స్థిరపడేలోపు సూది కన్నులోంచి పదులసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. నాసిరకం దారం మిషన్ మీద ఊరికే ఎందుకు తెగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి గుడ్డ తనంతట తాను ముందుకెలా జరుగుతుంది? గుడ్డను అదిమిపట్టే పాదం కింద ఉండే ఇనుప పళ్లు నాలుగు పనులు చేస్తాయి. పైకి లేచి గుడ్డను పట్టుకుంటాయి, అవతలికి నెడతాయి, కిందికి దిగుతాయి, మొదటి చోటికి తిరిగి వస్తాయి. పళ్లు ఎంత దూరం నెట్టాలో పక్కనున్న మీట చెబుతుంది. కుట్టు పొడవు అంటే ఆ దూరమే.

దీన్ని కనిపెట్టింది ఎవరు?

ఏ ఒక్కరూ కాదు. ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే 1830లో ఒక మిషన్‌కు పేటెంటు పొందాడు. అది ఒకే దారంతో గొలుసుకుట్టు వేసేది. పారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టడానికి వాటిని పెడితే, పని పోతుందన్న భయంతో 1831లో దర్జీలే వచ్చి విరగ్గొట్టారు. మొనలో కన్నున్న సూదినీ, రెండో దారాన్నీ కలిపి అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు తీసుకున్నాడు. నాలుగు కదలికల పళ్లు ఆలెన్ విల్సన్ ఆలోచన. నిటారుగా దిగే సూది, గుడ్డను అదిమిపట్టే పాదం, కాలితో తొక్కే పెడల్ కలిసిన మిషన్‌ను ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు చేసి జనంలోకి తీసుకెళ్లాడు.

ముక్కలు తలా ఒకరి చేతిలో ఉండటంతో అందరూ కోర్టుకెక్కారు. చివరికి 1856లో పెద్ద కంపెనీలు రాజీపడి, పేటెంట్లన్నీ ఒకచోట పోగేసి పంచుకున్నాయి. అదే ఏడాది సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతిలో అమ్మడం మొదలుపెట్టింది. మనకు బాగా తెలిసిన ఈఎమ్‌ఐని ఇంటింటా అలవాటు చేసిన తొలి వస్తువుల్లో కుట్టు మిషన్ ఒకటి.

ఏ కంపెనీ మిషన్ చూసినా ఒకేలా ఎందుకుంటుంది?

1856లో రాజీపడ్డ ఆ కంపెనీల కూటమి పేటెంట్ల గడువు 1877తో ముగిసింది. ఆ తర్వాత లాక్‌స్టిచ్ ఎవరి సొత్తూ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సింగర్ తెచ్చిన క్లాస్ 15 మోడల్‌ను కాలక్రమంలో లోకమంతా అనుకరించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ తయారీదారులు దాన్నే నమూనాగా తీసుకుని, ఒక కంపెనీ భాగం ఇంకో కంపెనీ మిషన్‌కు సరిపోయేలా కొలతలు ఖాయం చేసుకున్నారు. మన దేశంలో 1930ల్లో కోల్‌కతాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది. తర్వాత లూధియానా మిషన్లకూ విడిభాగాలకూ కేంద్రమైంది.

భాగాలు ఇలా ఒకే కొలతలో ఉండటం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఈ యంత్రం ఆయుష్షంతా ఇక్కడే ఉంది. తాతల నాటి మిషన్‌కు ఇవాళ మన ఊరి ఫ్యాన్సీ షాపులో సూది దొరుకుతుంది. బాబిన్, బాబిన్ కేసు, షటిల్, బెల్టు, స్ప్రింగు, ఏది అరిగితే అది మార్చుకోవచ్చు. అంతేకాదు, కంప్యూటర్ తెరతో వచ్చే కొత్త మిషన్లలో చాలావాటికి ఇప్పటికీ అదే రకం సూది సరిపోతుంది. పాత ఫోను చార్జరు కొత్త ఫోనుకు పట్టని కాలంలో ఇది తేలికగా తీసుకోవాల్సిన సంగతి కాదు.

తొక్కే ముందు చక్రాన్ని చేత్తో ఎందుకు తిప్పాలి?

కొత్తగా నేర్చుకునేవాళ్లను ఏడిపించేది ఇదే. కాలితో ఎంత నొక్కినా ఒక్కోసారి కదలదు, లేదా వెనక్కి తిరిగి దారం చిక్కుపడుతుంది. పెడల్ నుంచి పెద్ద చక్రానికి వెళ్లే కడ్డీ సరిగ్గా పైకొసకో కిందికొసకో చేరినప్పుడు, నొక్కిన బలమంతా ఇరుసు మీదకే పోతుంది. ఎటు తిరగాలో చక్రానికి చెప్పేది ఏదీ ఉండదు. సైకిల్ పెడల్ నిట్టనిలువుగా ఉన్నప్పుడు దాని మీద నిలబడ్డా బండి కదలకపోవడం ఇలాంటిదే. అందుకే పైనున్న చిన్న చక్రాన్ని చేత్తో మన వైపుకు తిప్పి, ఆ ఊపు అందుకుని తొక్కాలి. ఒకసారి తిరగడం మొదలయ్యాక బరువైన కింది చక్రం తన వేగంతో తనే ఆ కొసల్ని దాటేస్తుంది. పెద్ద చక్రం నుంచి చిన్న చక్రానికి బెల్టు వెళ్తుంది కాబట్టి కాలు ఒకసారి ఆడిస్తే కుట్లు మూడు నాలుగు పడతాయి.

కరెంటు మిషన్లు వచ్చాక కూడా దీనితో పనేమిటి?

ఫ్యాక్టరీలో నిజంగానే పనిలేదు. అచ్యుతాపురం దగ్గరి బ్రాండిక్స్ లాంటి దుస్తుల పరిశ్రమల్లో వాడే తరహా మిషన్లు నిమిషానికి ఐదు వేల కుట్ల దాకా వేయగలవు. ఒకరు కాలరే కుడతారు, ఇంకొకరు జేబే కుడతారు. అక్కడ వేగమే డబ్బు.

జాకెట్టు లెక్క వేరు. ఆది జాకెట్టు చూసి కొలతలు తీయాలి, గుడ్డ కత్తిరించాలి, లైనింగ్ జత చేయాలి, డాట్లు పట్టాలి, మెడ ఒంపు తిప్పాలి, చేతులు ఎక్కించాలి, హుక్కులూ కాజాలూ చేత్తో కుట్టాలి. మిషన్ ఆడేది మొత్తం సమయంలో కొంతసేపే. ఆడినప్పుడు కూడా నాలుగంగుళాలు కుట్టి ఆగడం, గుడ్డ తిప్పడం, మళ్లీ కుట్టడం. మిషన్ వేగం పదింతలైనా జాకెట్టు పదింతలు త్వరగా తయారవదు. మెడ మలుపు దగ్గర ఒక్క కుట్టే వేసి ఆగడం వేగంగా కుట్టడం కంటే ముఖ్యం. తొక్కుడుతో ఆ ఒక్క కుట్టును అదుపు చేయడం కాలి మిషన్ మీద సులువు. కరెంటు పోయినా చేతిలో పని ఆగదు.

యంత్రాల్ని తీవ్రంగా విమర్శించిన గాంధీజీ 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. మనిషిని పక్కకు నెట్టకుండా అతని శ్రమను తగ్గించేది కాబట్టి అది ఆయనకు నచ్చింది. ఇవాళ్టి ప్రభుత్వాల ఆలోచన కూడా దీనికి దూరంగా లేదు. కేంద్రం 2023లో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తుల్లో దర్జీలనూ చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తోంది. ఒక్క యంత్రంతో, ఇంటి వరండాలో, పిల్లల్ని చూసుకుంటూ మొదలుపెట్టగల వ్యాపారాలు ఎన్నో లేవు.

అయితే దీనికి లోపాలు లేవా?

ఉన్నాయి. సాధారణ కాలి మిషన్ నేరుగా కుట్టడమే చేస్తుంది. చీరకు పీకో కావాలంటే వేరే మిషన్. గుడ్డ అంచుల పోగులు ఊడకుండా ఉండాలంటే ఓవర్‌లాక్ మిషన్. టీషర్టు లాంటి సాగే బట్ట మీద నేరు లాక్‌స్టిచ్ వేస్తే, బట్ట సాగినప్పుడు దారం సాగక పుటుక్కున తెగుతుంది. రోజంతా తొక్కితే మోకాళ్లూ నడుమూ పట్టేస్తాయి.

అందుకే చాలామంది దర్జీలు మధ్యేమార్గం పట్టారు. పాత మిషన్ వెనక చిన్న మోటారు బిగించి, బెల్టు దానికి తగిలిస్తారు. యంత్రం పాతదే, బలం మాత్రం కరెంటుది. మోటారు కాలిపోతే తీసేసి, మళ్లీ కింది చక్రానికే బెల్టు వేస్తారు. బాగా నిలిచే పాత వస్తువు తీరు ఇదే. కొత్తదాన్ని కాదనదు, అవసరమైనంత తనలో కలుపుకుంటుంది.

ఏళ్ల తరబడి మూలపడ్డ మిషన్‌ను మళ్లీ ఎలా నడిపించాలి?

ముందు బెల్టు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు. చాలా ఇళ్లలో మిషన్‌కు పట్టిన జబ్బు తుప్పు కాదు, కొబ్బరి నూనె. ఇంట్లో ఉంది కదా అని పోస్తారు. చలికాలంలో అది పేరుకుంటుంది. ఏళ్లు గడిస్తే దుమ్మూ నూలు పోగులూ కలిసి గోధుమరంగు బంకలా మారి ఇరుసుల్ని పట్టేస్తుంది. నూనె రంధ్రాల్లో నాలుగైదు చుక్కల కిరోసిన్ వేసి, ఒక పూట వదిలేసి, చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఆడించండి. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోకండి. బంక కరిగి కారాక గుడ్డతో తుడిచి, మిషన్ నూనె అని విడిగా అమ్మే పల్చటి నూనె వేయండి. పళ్ల మీది రేకు విప్పి, వాటి సందుల్లో గట్టిపడ్డ పీచును సూదితో గీకి తీయండి.

తర్వాత కొత్త సూది వేయండి. మామూలు నూలు బట్టకు 14 లేదా 16 నంబరు సరిపోతుంది. సూది మీద 14 పక్కన 90, 16 పక్కన 100 అని ఉంటుంది. అంటే సూది మందం మిల్లీమీటరులో నూటికి తొంభై వంతులా, పూర్తి మిల్లీమీటరా అని. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది. దారం ఎక్కించే వైపు ఆ గాడి ఉండాలి. తిరగేసి బిగిస్తే కొక్కేనికి ఉచ్చు అందదు, కుట్టు పడదు.

ఇక టెన్షన్, అంటే దారం బిగుతు. కింది దారం ఉండలు కడుతుంటే అందరూ బాబిన్‌ను తిడతారు, కానీ తప్పు చాలాసార్లు పై దారానిదే. పాదం పైకెత్తి ఉన్నప్పుడే దారం టెన్షన్ బిళ్లల మధ్యలోకి సరిగ్గా దిగుతుంది. పాదం దించి దారం ఎక్కిస్తే బిళ్లలు దాన్ని పట్టుకోవు. బాబిన్‌ను పరీక్షించడానికి దర్జీలు చేసే పద్ధతి ఒకటుంది. బాబిన్ కేసును దాని దారంతోనే గాల్లో వేలాడదీస్తారు. ఊరికే జర్రున జారిపోతే వదులు. చెయ్యి చిన్నగా కుదిపినా కదలకపోతే బిగుతు. కుదిపినప్పుడు ఓ అంగుళం జారి ఆగితే సరిపోయినట్టే. కేసు మీది చిన్న మరను పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పక్కర్లేదు.

చివరగా పాత గుడ్డముక్క మీద కుట్టి రెండు వైపులా చూడండి. పైన కింది దారం చుక్కల్లా కనిపిస్తే పై టెన్షన్ తగ్గించండి. కింద పై దారం తేలి వస్తే పెంచండి. ఇన్ని చేసినా కుట్టు దాటుతుంటే షటిల్ మొన అరిగి ఉంటుంది. అది మార్చడం మెకానిక్‌కు అలవాటైన పని. ఇనుప దిమ్మె పగిలి ఉంటే మాత్రం వదిలేయండి, దానికి మందు లేదు. జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు కుట్టుకోవాలనుకుంటే ఈ మిషన్ చాలు. పిల్లలకు సాగే టీషర్టులు కుట్టాలని ఉంటే కొత్తది కొనుక్కోండి. పాత మిషన్‌ను మాత్రం తూకానికి వేయకండి, నేరు కుట్టు పని రోజూ ఉంటూనే ఉంటుంది.