బంగారు గుట్టని గుర్రాల దాణా చేశారు: ఒక ఊరు, డజను పేర్లు

ఒక ఊరిని చూసి చక్రవర్తికి భయం వేస్తే ఏం చేస్తాడు? చిన్ షి హువాంగ్ అయితే ఆ ఊరి పేరు చెడగొట్టాడు.

చైనా మొత్తాన్ని మొదటిసారి తన ఏలుబడిలోకి తెచ్చుకున్నవాడాయన. యాంగ్‌జీ నది ఒడ్డున జిన్‌లింగ్ అనే కోట ఊరు ఉండేది. చూ రాజ్యం వాళ్లు క్రీ.పూ. 333లో కట్టింది. 'జిన్' అంటే బంగారం, 'లింగ్' అంటే గుట్ట. ఈ నేలలో రాజయోగం ఉంది, ఎప్పటికైనా ఇక్కడి నుంచి ఒక చక్రవర్తి పుడతాడు అని జ్యోతిష్కులు చెప్పారట. వెంటనే గుట్టలు తవ్వించి ఆ యోగాన్ని 'నరికేయించాడు' అని కథ. కథ సంగతి ఎలా ఉన్నా, క్రీ.పూ. 210లో పేరు మార్చడం మాత్రం చరిత్రే. కొత్త పేరు మోలింగ్. 'మో' అంటే గుర్రాలకి వేసే దాణా. బంగారు గుట్ట కాస్తా దాణా గుట్ట అయింది!

ఇప్పుడు మనం నాన్‌జింగ్ అంటున్న నగరం ఇదే. దీని పేర్ల లిస్టు చూసినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. పక్కనే తేదీలు చూశాక నవ్వు ఆగిపోయింది. దాదాపు ప్రతి పేరు వెనకా ఎవరో గెలవడమో, ఎవరో చావడమో ఉంది.

జ్యోతిష్కుల మాట నిజమైందనే అనుకోవాలి. క్రీ.శ. 212లో సున్ చువాన్ ఇక్కడ పాగా వేసి, మోలింగ్ పేరు తీసేసి జియాన్‌యే అన్నాడు. 'గొప్ప కార్యం స్థాపించడం' అని అర్థం. మూడు రాజ్యాల కాలం గేములు ఆడినవాళ్లకి ఈయన తెలిసే ఉంటాడు. 229లో తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకుని, ఈ ఊరిని రాజధాని చేసుకున్నాడు.

280లో ఉత్తరాది నుంచి జిన్ వంశం వాళ్లు వచ్చి ఆ రాజ్యాన్ని కూల్చేశారు. ఊరు మళ్లీ దాణా గుట్ట! రెండేళ్ల తర్వాత కాస్త మనసు కరిగిందో ఏమో, ఊరిని రెండు ముక్కలు చేసి ఉత్తరపు ముక్కకి జియాన్‌యే పేరు తిరిగి ఇచ్చారు. కానీ అందులో ఒక మెలిక ఉంది. పలకడం అదే 'యే', రాసే అక్షరం మాత్రం వేరు. 'గొప్ప కార్యం' అనే అర్థమున్న అక్షరం తీసేసి, ఉత్తరాదిలోని ఒక పాత రాజధాని పేరులో వాడే అక్షరం పెట్టారు. చెవికి తేడా తెలీదు, కంటికి మాత్రం తెలుస్తుంది. మన లిపిలో ఎలా పలికితే అలా రాస్తాం కాబట్టి ఈ ఆట మనకి కుదరదు. నాకు మాత్రం మొత్తం కథలో తెలివైన అవమానం ఇదే అనిపిస్తుంది.

ఆ అక్షరమే తర్వాత వాళ్ల మెడకి చుట్టుకుంది. 313లో గద్దెనెక్కిన కొత్త చక్రవర్తి పేరు సిమా యే. అదే 'యే', అదే అక్షరం! మన ఊళ్లలో నానమ్మలు తాతయ్య పేరు నోటితో పలకరు కదా, అక్కడ చక్రవర్తి పేరులోని అక్షరాన్ని రాయడమే నిషేధం. అంతే, ఊరి పేరు మళ్లీ మారింది: జియాన్‌కాంగ్. 'కాంగ్' అంటే క్షేమం. ఎక్కడో ఛాంగాన్‌లో కూర్చున్న ఆ చక్రవర్తి మూడేళ్లకే శత్రువులకి లొంగిపోయాడు, ఆ తర్వాత చంపేశారు. ఆయన కోసం మార్చిన పేరు మాత్రం 276 ఏళ్లు నిలిచింది.

'సెవెన్త్ సెన్స్' సినిమాలో సూర్య వేసిన బోధిధర్ముడు గుర్తున్నాడా? ఆయన లియాంగ్ వంశపు వూ చక్రవర్తిని కలిసింది ఈ జియాన్‌కాంగ్‌లోనే అని బౌద్ధుల కథ. ఇన్ని ఆరామాలు కట్టించాను, నాకెంత పుణ్యం వస్తుందని రాజు అడిగితే, ఏమీ రాదు అని ముఖం మీదే చెప్పేశాడట. చరిత్రకారులు ఈ భేటీని నమ్మరు. కథ మాత్రం బలే ఉంటుంది.

589లో సుయి వంశం గెలిచింది. వీళ్లు పేరుతో సరిపెట్టలేదు. కోటలు, అంతఃపురాలు నేలమట్టం చేసి, ఆ చోటంతా దున్ని పొలాలు చేయించారు. అప్పటి నుంచి ఏడు వందల ఏళ్లకి పైగా పేర్లు వస్తూ పోతూ ఉన్నాయి: జియాంగ్‌నింగ్, షెంగ్‌జౌ, మళ్లీ జియాన్‌కాంగ్, జిచింగ్. అన్నీ చెబితే మీరు స్క్రోల్ చేసేస్తారు, వదిలేద్దాం.

1356లో జు యువాన్‌జాంగ్ ఊరిని పట్టుకున్నాడు. పేదరైతు కొడుకు, కొన్నాళ్లు బౌద్ధ మఠంలో ఉన్నాడు. ఊరికి యింగ్‌తియాన్ అని పేరు పెట్టాడు, అంటే దైవాజ్ఞకి బదులిచ్చిన చోటు. 1368లో మింగ్ వంశాన్ని స్థాపించాక నాన్‌జింగ్ అనే మాట వచ్చింది. 'నాన్' దక్షిణం, 'జింగ్' రాజధాని. విచిత్రం ఏంటంటే, అప్పుడు 'ఉత్తర రాజధాని' అంటే బీజింగ్ అనే పేరు పెట్టింది కైఫెంగ్ నగరానికి. ఇప్పటి బీజింగ్‌కి రాజధాని మారింది 1421లో, ఆయన కొడుకు హయాంలో.

1645లో మంచూలు వచ్చారు. 'జింగ్' పీకేసి జియాంగ్‌నింగ్ అన్నారు. నది దగ్గరి ప్రశాంతత అని చెప్పుకోవచ్చు. 1842లో నల్లమందు యుద్ధం ముగిసి, హాంకాంగ్‌ని బ్రిటన్‌కి రాసిచ్చిన ఒప్పందం ఇక్కడే జరిగింది. అప్పటికి ఊరి అధికారిక పేరు మారి దాదాపు రెండు వందల ఏళ్లయినా, ఇంగ్లీషువాళ్లు దాన్ని నాన్‌కింగ్ ఒప్పందం అనే రాసుకున్నారు.

ఏసు తమ్ముణ్ని నేనే అని చెప్పుకున్న హాంగ్ షియుచువాన్ 1853లో తైపింగ్ తిరుగుబాటు సైన్యంతో వచ్చి, ఊరిని తియాన్‌జింగ్, అంటే దివ్య రాజధాని చేశాడు. పదకొండేళ్లు నడిచింది. 1864లో ప్రభుత్వ సైన్యం గోడ పేల్చి లోపలికి దూరింది. ఊరు తగలబడింది, వీధుల్లో ఊచకోత జరిగింది. బోర్డు మీద మళ్లీ 'ప్రశాంతత' ఎక్కింది.

1927లో చియాంగ్ కైషేక్ ప్రభుత్వం నాన్‌జింగ్‌ని దేశ రాజధాని చేసింది. దేశానికి ఒకే 'జింగ్' ఉండాలి కాబట్టి, 1928లో బీజింగ్ పేరులోంచి ఆ ముక్క తీసేసి బేయ్‌పింగ్ అన్నారు. 1949లో రాజధాని తిరిగి ఉత్తరానికి వెళ్లింది. బేయ్‌పింగ్ మళ్లీ బీజింగ్ అయింది, నాన్‌జింగ్ పేరులో మాత్రం 'రాజధాని' అలాగే మిగిలింది.

పాత పేర్లు ఏమయ్యాయంటారా? మ్యాప్ యాప్‌లో వెతకండి. షాంఘై–నాన్‌జింగ్ రైలు మార్గాన్ని చైనాలో 'హు-నింగ్' అంటారు. ఆ 'నింగ్' మంచూల జియాంగ్‌నింగ్‌దే. జియాంగ్‌నింగ్ ఇప్పుడు నగరంలో ఒక జిల్లా, విమానాశ్రయం అందులోనే ఉంది. దాంట్లోనే ఒక భాగం పేరు మోలింగ్. చక్రవర్తి తిట్టిన తిట్టు ఇప్పుడు జనం ఇంటి అడ్రసు. జియాన్‌యే కూడా జిల్లాయే, కానీ రాసేది సున్ చువాన్ అక్షరంతో కాదు, గెలిచినవాళ్లు మార్చిన అక్షరంతో. 1937 డిసెంబరులో జపాన్ సైన్యం చేసిన మారణహోమం స్మారక భవనం ఆ జిల్లాలోనే ఉంది. దాని గోడ మీద పెద్దగా ఒక అంకె చెక్కారు: 300000.