వార్తల్లో పదం: అలొడీనియా

దువ్వెన తగిలినా తల భగ్గుమంటుంది. జడ బిగిస్తే ఓర్చుకోలేరు. నొప్పి పుట్టించకూడని స్పర్శే నొప్పి కావడం అలొడీనియా. మైగ్రేన్ తరచూ వచ్చేవారిలో ఎక్కువ. ముఖం, తలల నుంచి సంకేతాలు మోసే ట్రైజెమినల్ నాడీ వ్యవస్థ అతిగా స్పందించడమే కారణం.

వెలుగు, చప్పుడు, వాసనలదీ ఇదే దారి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల దీపాలు, దసరా మైకుల హోరు, జమ్మలమడుగు, పులివెందులల మే నెల ఎండ: పక్కవారికి మామూలే, మైగ్రేన్ ఉన్నవారికి శిక్ష. నొప్పి లేని రోజుల్లోనూ పదేపదే వచ్చే సంకేతాలకు వీరి మెదడు తేలిగ్గా అలవాటు పడదని పరిశోధకుల వాదన.

'మళ్లీ ఎప్పుడొస్తుందో' అన్న భయం, ఆందోళన, కుంగుబాటు బాధను పెంచుతాయి. అలాగని ఇది మనసు కల్పించిన జబ్బు కాదు. ఇంట్లోవాళ్లు ముందు ఆ మాట మానాలి. మాత్రల విషయంలోనూ జాగ్రత్త: నెలకు 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పిమాత్రలు మింగితే, వాటితోనే తలనొప్పి ముదరొచ్చు.