గజ్జి - ఇంటిల్లిపాదికి ఒకేనాడు చికిత్స

గజ్జి రక్తదోషము వలన గాని, వేడిచేయుట వలన గాని పుట్టునది కాదు. దీనికి కారణము ఎనిమిది కాళ్లుగల ఒక మిక్కిలి చిన్న పురుగు. ఆడుదాని నిడివి 0.3 నుండి 0.4 మిల్లీమీటరు మాత్రమే. అది చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వుకొని దినమునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టును. మూడు నాలుగు దినములలో పిల్లలు వెలువడి, రెండు వారములలో పెద్దవగును. 1687వ సంవత్సరమున ఇటలీ దేశీయులగు బొనోమో, చెస్టోని అనువారు ఈ పురుగును సూక్ష్మదర్శినితో పరీక్షించి, గజ్జికి కారణమిదియేయని వెల్లడించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధులలో చేర్చినది. ఏ సమయమందు చూచినను లోకమున 20 కోట్లకు పైగా జనులు దీనితో బాధపడుచుందురని ఆ సంస్థ అంచనా.

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరములుగా నివసించు మనకు ఈ వ్యాధి విషయమున రెండు భాషల పేర్లు వినవచ్చును. తెలుగున గజ్జి యందుము. తమిళమున సొరి, సిరంగు అందురు. కాని ఆ తమిళ పదములు ఇతర పుండ్లకును చెల్లుచుండుటచే రోగము పోల్చుకొనుటలో పొరపాటు కలుగవచ్చును. తామర కూడ వేరు. తమిళమున పడర్‌తామరై యనబడు ఆ వ్యాధి గుండ్రని మచ్చగా అంచులు లేచి ప్రాకును.

గజ్జి లక్షణములివి. రాత్రివేళ దురద హెచ్చును. వ్రేళ్ల సందులు, మణికట్టు, చంకలు, నడుము, బొడ్డు చుట్టు, తొడల సందులందు చిన్న పొక్కులు లేచును. పసిబిడ్డలకు అరచేతులు, అరికాళ్లు, తలమీద కూడ రావచ్చును. ఇంట మరియొకరికిని దురద ఉన్నచో అనుమానము బలపడును.

ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి కలదు. తొలిసారి సోకినవానికి నాలుగు నుండి ఆరు వారముల వరకు దురద పుట్టకపోవచ్చును; అయినను అతడు ఇతరులకు అంటింపగలడు. అందుచేత గోకుకొనువానికి మాత్రమే మందు పూసిన ఇంట గజ్జి మరల మరల వచ్చును. మందు పనిచేయలేదని నిందింతుము. నిజమునకు అది ప్రక్కన పండుకొన్న తమ్ముని నుండి తిరిగి వచ్చి యుండును. కావున ఇంటనున్న వారందరును, దురద లేనివారితో సహా, ఒకేనాడు చికిత్స పొందవలెను.

వైద్యులు సాధారణముగా 5 శాతము పెర్మెత్రిన్ లేపనమును వ్రాసి ఇత్తురు. రాత్రి దానిని మెడ మొదలు అరికాళ్ల వరకు, గోళ్ల క్రిందను విడువక పూసి, 8 నుండి 14 గంటలుంచి స్నానము చేయవలెను. వారము తరువాత మరల ఒకసారి పూయవలెను. పసిబిడ్డలకు తలకును పూయుదురు. రెండు నెలలు నిండని శిశువులకును, గర్భిణులకును వైద్యుని అడుగక ఏ మందును వాడరాదు. అట్టివారికి మన పూర్వులెరిగిన గంధకమునే లేపనముగా ఇచ్చుట నేటికిని కలదు. ఐవర్‌మెక్టిన్ మాత్రలను 15 కిలోల బరువు లేని పిల్లలకు సాధారణముగా ఇయ్యరు. వేప, పసుపు నూరి పూయుట మన ఇండ్ల అలవాటే గాని, వైద్యుని మందుకు బదులుగా దానినే నమ్ముకొనరాదు.

మందు పూసిననాడే కట్టుబట్టలు, దుప్పట్లు వేడినీట ఉదికి ఎండవేయవలెను. ఉదుకరానివానిని సంచిలో బిగించి వారముదినములు తీయకుండవలెను. చికిత్స పిమ్మట రెండు నుండి నాలుగు వారములు దురద మిగిలియుండవచ్చును; అంతమాత్రమున మందు విఫలమైనదని తలపరాదు. క్రొత్త పొక్కులు లేచినచో మరల వైద్యునికి చూపవలెను.

మందులషాపులో అడిగి తెచ్చుకొను స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదను అణచి రోగమును మరుగుపరచును. గోకిన పుండ్లలో సూక్ష్మక్రిములు చేరినచో మూత్రపిండములు చెడు ప్రమాదము కలదు. బిడ్డ ముఖము ఉబ్బినను, మూత్రము ఎర్రబారినను తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. మధురలోని ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రియందును, కోయంబత్తూరు వైద్యకళాశాల ఆసుపత్రియందును చర్మవ్యాధుల విభాగములు కలవు.

నలుగురేమనుకొందురో యని దాచుటయే ఈ వ్యాధికి పెద్ద బలము. శుభ్రముగా ఉండు ఇంటికిని ఇది రాగలదు. విద్యార్థులారా! గజ్జి సోకిన తోటివానిని ఎగతాళి చేయకుడు. తొలి చికిత్స ముగిసిన మరునాడే అతడు బడికి రావచ్చును. మీ బల్లపై మీ ప్రక్కనే కూర్చుండవచ్చును.