మీకు తెలుసా? చీమకు మీసం పెట్టే చదువు

చింతచెట్టుకు చెప్పులేసీ, చీమకేమో మీసమెట్టీ... ఈ రెండు ముక్కలూ ఒకటో తరగతిలో పాడి చూడండి. అర్థమేటని ఏ గుంటడూ అడగడు. తర్వాత ఎవరికి ఏటెట్టాలో వాళ్లే చెప్పేస్తారు.

ఈ నడక విజయనగరానిదే. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు. 1910లో ‘ముత్యాల సరాలు’తో గురజాడ అప్పారావు తెచ్చిన లయ ఇది. ‘చింత’కో చప్పట, ‘చెట్టుకు’ ఇంకో చప్పట కొట్టిస్తే చాలు, ఛందస్సు పేరెత్తక్కర్లేదు.

పిల్లలు రహస్యంగా మాట్లాడుకునే క-భాష గుర్తుందా? ‘నేను’ని ‘కనేకను’ అంటారు. మాటను అక్షరాలుగా విడగొట్టడం రానిదే ఈ ఆట సాగదు. చదవడానికి తొలిమెట్టూ అదే. మూడేళ్ల వయసులో పిల్లలకు ఎన్ని పాటలు వచ్చో, తర్వాత వాళ్లు ఎంత బాగా చదవగలరో, ఈ రెండింటికీ సంబంధం ఉందని 1989లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మన బళ్లలో ఈ భాష వినబడితే ‘అల్లరి ఆపండి’ అంటాం. ఆపకూడదు.

పిల్లల భాషను ఆపకుండా బడిలోకే తెచ్చినవారూ ఉన్నారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. తెలుగుతో చుట్టరికమూ లేదు, అది ముండా కుటుంబానిది. ఆయన సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. సీతంపేట కొండల్లో బడికొచ్చే సవర పిల్లకు మొదటిరోజు తెలుగు పాఠం వట్టి చప్పుడే. అదే అర్థంలేని పాటైతే ఆ పిల్లా, పక్కనున్న తెలుగు పిల్లా సమానం. ఇద్దరికీ అర్థం అక్కర్లేదు, లయ ఇద్దరిదీ. ఇలాంటి అర్థంలేని పాటకున్న అసలు బలం ఇదేనని నా నమ్మకం.

రామమూర్తి గారబ్బాయి సీతాపతి పెద్ద భాషాపండితులు. పిల్లల కోసం ‘చిలకమ్మ పెళ్ళి’, ‘రైలుబండి’ రాసిందీ ఆయనే.

ఇక పిల్లలే పాట కట్టాలా? విజయనగరంలో చదువుకున్న ఆరుద్ర ‘కూనలమ్మ పదాలు’ రాశారు. మూడు పాదాలకూ ఒకే అంత్యప్రాస, చివర్న కూనలమ్మను పిలవడం, అంతే. అయిదో తరగతి పిల్లలు సొంతంగా కట్టడానికి ఇంతకన్నా అనువైన అచ్చు నాకు కనబడలేదు. విశాఖ శ్రీశ్రీ అయితే లిమరిక్కు అనే ఇంగ్లీషు చిలిపి పద్యాన్నే తెలుగులో ఆడించారు.

పంతుళ్లూ, పంతులమ్మలూ! రేపు ఇంటిపని బదులు అమ్మమ్మ దగ్గరో, నాన్నమ్మ దగ్గరో ఒక ఆటపాట నేర్చుకు రమ్మనండి. పిల్లలు ఎలా పలికితే అలాగే బోర్డు మీద రాయండి. ‘ఎల్దాం’ని మాత్రం ‘వెళ్దాం’ అని దిద్దకండి.