కొట్టమునుండి కళాశాలకు: తిరుమంగళమున పశుశాస్త్ర విద్య

మధురకు నైరృతమున, విరుదునగరమునకు పోవు దారిలో సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది తిరుమంగళము. విజయనగర ప్రభువుల కాలమునను, అటుపిమ్మట మధుర నాయకరాజుల యేలుబడిలోను తెలుగుదేశమునుండి తరలివచ్చిన కుటుంబముల సంతతివారు, నేటికిని ఇంట తెలుగును, బజారున తమిళమును పలుకుచు, ఈ పరిసర గ్రామములలో సేద్యమును పశుపోషణమును నమ్ముకొని జీవించుచున్నారు. వారిలో కంబళత్తు నాయకులు దేవుని పేర విడిచిన ఎద్దులను ఎంతయో భక్తితో పోషింతురు. అట్టి యిండ్ల బిడ్డలు పండ్రెండవ తరగతి ముగించునప్పుడు, తాము కొట్టములో నేర్చినదానికి కొనసాగింపుగా పశుశాస్త్రమను విద్య యొకటి కలదని చెప్పువారు అరుదుగా నుందురు.

పెక్కు విదేశములలో పశుపోషణ శాస్త్రము వేరు, పశువైద్యము వేరు. మన దేశమున ఆ రెండును ‘బీవీఎస్సీ అండ్ ఏహెచ్’ అను ఒకే పట్టమునందు కూడియున్నవి. నాలుగున్నరయేండ్లు పాఠములు, ఒక యేడు ఇంటర్న్‌షిప్. 1903లో మదరాసు వేపేరియందు వెలసిన కళాశాల 1936లో విశ్వవిద్యాలయమున చేరి, ఈ విద్యకు దేశమున మొదట పట్టమిచ్చినది. దానినుండియే 1989లో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయము పుట్టినది. 2020లో తేనిలో కళాశాల తెరువబడుటచే, ఉసిలంపట్టి మీదుగా పోవు తిరుమంగళపు విద్యార్థికి చదువు చేరువయినది. ఆంధ్రమున ఇట్టి విశ్వవిద్యాలయము 2005లో తిరుపతియందు నెలకొన్నది.

రోగమును చదువుటకు ముందు ఆరోగ్యముగానున్న పశువును చదువవలెను. ఈ విద్యకు పునాది యదియే. ఆవు ఎడమడొక్కపై పిడికిలి అదిమిపట్టి, గడియారము చూచుచు నిలిచిన విద్యార్థికి, పెద్దపొట్ట నిమిషమునకు ఒకటి రెండుసార్లు పొంగి అణగుట చేతికి తెలియును. నెమరు నిలిచినచో పశువునకు బాగులేదని మన ముసలమ్మలెరుగుదురు. ఆ పొట్టలోని సూక్ష్మజీవులే గడ్డిని జీర్ణింపజేయుచున్నవనియు, ఒక్కమారుగా ధాన్యము మేసినచో ఆమ్లము పెరిగి అవి నశించుననియు శాస్త్రము చెప్పును. పిమ్మట ఎద గుర్తించుట, చూడి పరీక్షించుట, మైనస్ 196 డిగ్రీల ద్రవనత్రజనిలో దాచిన వీర్యమును గోరువెచ్చని నీటిలో కరిగించి వేయుట నేర్చుకొనవలెను. భుజమువరకు తొడుగు వేసికొని, కంటికి కానరాని గర్భకోశమును వ్రేళ్ళతోనే పోల్చుకొను నేర్పు ఒకనాటితో వచ్చునది కాదు.

నా మనసునకు మిక్కిలి సన్నిహితమైనది జాతుల విషయము. మధుర, శివగంగ ప్రాంతముల పుళికుళము పశువులు రాత్రులు పొలములలో మందగట్టబడి, ఎరువు నిచ్చుచు ఊరూరు తిరుగును. అలంగానల్లూరు, పాలమేడు జల్లికట్టులందు దుముకు గిత్తలలో ఈ జాతివి ప్రసిద్ధములు. 2014లో సుప్రీంకోర్టు నిషేధించిన ఆ క్రీడ 2017 నాటి రాష్ట్ర శాసనముతో మరల సాగినది. 2023లో ఆ శాసనమును కోర్టు సమర్థించినది. బరిలో దిగకముందు ప్రతి గిత్తను పరీక్షించువాడు పశువైద్యుడే. అయినను పందెపు గిత్తలవలననే జాతి నిలువదు. ఆవులను మేపువానికి గిట్టుబాటు కావలెను, ఏ తల్లికి ఏ దూడ పుట్టెనో వ్రాసియుంచవలెను. మన నెల్లూరు పేర బ్రెజిలులో వర్ధిల్లిన ఒంగోలు సంతతిని అచటివారు వంశపట్టికలు వ్రాసి, ఏరికోరి వృద్ధిచేసిరి. పుళికుళమునకు అట్టి శ్రద్ధను చూపగలవారు ఆ మందల నడుమ పెరిగిన పిల్లలేయని నేను గట్టిగా నమ్ముచున్నాను.

తమిళనాట రాష్ట్రపు సీట్లు పండ్రెండవ తరగతి మార్కులనుబట్టి లభించును. అఖిలభారత కోటాలోని నూటికి పదునైదింటికి మాత్రము నీట్ కావలెను. ఎంబీబీఎస్ దొరకలేదని విచారముతో ఇటు వచ్చువారు ఒకసారి ఆలోచింపవలెను. పేడ వాసనయందును, అర్ధరాత్రి కష్టకాన్పునందును ఓపిక లేనివానికి ఈ చదువు భారమగును. ఓపిక గలవారికి ప్రభుత్వాసుపత్రులు, పాలసంఘములు, నామక్కల్ కోళ్ళపరిశ్రమ మొదలైన చోట్ల పనియున్నది.

నోరులేని రోగికి బదులుగా యజమానియే సమాధానము చెప్పవలెను గనుక, ప్రశ్నలడుగుట ఈ వైద్యమున తొలి పరీక్ష. “అవ్వా, నెమరు ఎప్పటినుంచి వేయలేదు? నిన్న ఏం మేపినావు? పేడ ఎట్లా ఉంది?” అని ఇంటి తెలుగులో అడిగినచో, తమిళమున అడుగువానికి చెప్పని సంగతి, మొన్నటి విందులో మిగిలిన అన్నమంతయు కుడితిలో పోసితినని, ఆమె సంకోచము విడిచి చెప్పును.