ఎముక మనది... ప్లేటు కొలత మనది కాదు
మోకాలి వంకరకు మూడో వైద్యం

ముదినేపల్లి: నాట్ల రోజుల్లో మన వూళ్ల ఆడవాళ్లు తెల్లవారింది మొదలు పొద్దెక్కేదాకా బురదలో వంగే వుంటారు. చేపల చెరువుల్లో వల లాగేవారి పని కూడా అంతకు తక్కువేమీ కాదు. బస్తా నెత్తిన పెట్టుకుని జారే గట్టు మీద నడిచినవారి సంగతి చెప్పనే అక్కరలేదు. నలభై అయిదో యేడు దాటేసరికి వీరిలో పలువురి కాళ్లు విల్లులా బయటికి వంగుతున్నాయి. దొడ్డికాళ్లు అని మనం తేలికగా అనేస్తాం. మోకాలి లోపలివైపు పోటు, పీట మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవడం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం ఆ వెనుకే వస్తాయి.

"గుజ్జు అరిగిపోయింది" అనే మాట ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా వినిపిస్తుంది. అక్కడి నుంచి మనవాళ్లకు తెలిసిన దారులు రెండే. ఒకటి, నొప్పి తగ్గే గోళీలు, సూది మందులు. రెండు, కీలు తీసి లోహపు కీలు పెట్టించుకోవడం. మొదటిది యేళ్ల తరబడి సాగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు వస్తాయి. రెండోది డెబ్బయి యేళ్ల వృద్ధులకు మంచి వైద్యమే. కాని నలభై అయిదేళ్ల కౌలురైతుకు లోహపు కీలు పెడితే, పొలం పనికి అది ముందే అరిగి మళ్లీ కోత తప్పకపోవచ్చు. పైగా నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవద్దని చెప్పి పంపుతారు.

ఈ రెంటికీ మధ్య మూడో దారి ఒకటి వున్నది. మోకాలి కింద వుండే పెద్ద ఎముకను పైభాగాన కోసి, వంకర సరిచేసి, లోహపు ప్లేటుతో బిగిస్తారు. సొంత కీలు సొంత కీలుగానే వుంటుంది.

ట్రాక్టరు వున్నవారికి ఈ లెక్క చెప్పకుండానే తెలుస్తుంది. ముందు చక్రం కుదురు తప్పితే టైరు ఒక అంచునే అరుగుతుంది. ఆ స్థితిలో కొత్త టైరు వేసినా అదే అంచు పోతుంది. ముందు చక్రం కుదురు చూపించాలి. మోకాలిలో లోపలి గది, బయటి గది అని రెండు భాగాలున్నాయి. నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద శరీరపు బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్లు పడుతుంది. అంటే 60 కిలోల మనిషికి 150 నుంచి 180 కిలోలు. కాలు చక్కగా వున్నవారిలోనే దీనిలో సగానికి మించి లోపలి గది మోస్తుంది. కాలు విల్లయిందంటే దాదాపు భారమంతా అక్కడే. అరిగినకొద్దీ వంకర, వంకర పెరిగినకొద్దీ అరుగుదల.

ఎముక కోసి లోపలి అంచున సందు తెరిస్తే బరువు గీత బయటి గదివైపు జరుగుతుంది. తాపీ మేస్త్రి దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసినట్లే, వైద్యులు తుంటి నడిమి నుంచి చీలమండ నడిమికి గీత గీసి అది మోకాలిలో ఎక్కడ పడుతుందో చూస్తారు. ఆ గీత మోకాలి వెడల్పులో లోపలి అంచు నుంచి సుమారు 62 శాతం దగ్గర పడేలా జరపడం మేలని జపాన్ వైద్యుడు ఫుజిసావా, ఆయన సహచరులు 1979లో ప్రకటించారు. ఆ చోటును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

శస్త్రచికిత్స కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో జాక్సన్, వా అనే వైద్యులు 1961లోనే దీన్ని గురించి రాశారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో కోవెంట్రీ 1965లో తన పద్ధతి ప్రకటించారు. తర్వాత కీలు మార్పిడి జోరులో ఇది వెనకబడింది. 2000 ప్రాంతంలో మర ప్లేటులోనే బిగుసుకునే గట్టి ప్లేట్లు రావడంతో మళ్లీ ముందుకు వచ్చింది.

చిక్కు ఆ ప్లేటు దగ్గరే వున్నది. మోకాలి కింద లోపలివైపు వేలితో తడిమి చూడండి. చర్మం, దాని కిందే ఎముక. కండ లేదు. అక్కడ ప్లేటు ఎముకను అంటిపెట్టుకోకుండా ఒక అంచున లేచి వున్నా చర్మం కింద పొడుచుకుంటుంది, పంచె తగిలినా మంట. ఎముక అతుక్కున్నాక ప్లేటు తీయించుకోవడానికి రెండోసారి కోత పెట్టించుకునేవారు అన్ని దేశాల్లోనూ వున్నారు. కూలిపని చేసేవారికి రెండో కోత అంటే మళ్లీ కొన్ని వారాల తిండి. ఈ ప్లేట్లు మొదట తయారైనది యూరప్‌లో, అక్కడి ఎముకల కొలతలకు. ఆసియా మనుషుల ఎముక చిన్నది, పైభాగపు వంపు వేరు. చిన్న సైజు ప్లేట్లు తర్వాత వచ్చాయి గాని, సైజు చిన్నదైనంత మాత్రాన వంపు కుదరదు గదా! రెడీమేడ్ చొక్కా చిన్నదైతే చంక సరిపోతుందని ఏ దర్జీ ఒప్పుకుంటాడు?

కొలత తప్పితే నష్టం పొడుచుకోవడంతో ఆగదు. సందు 1 మిల్లీమీటరు తెరిస్తే కాలు 1 డిగ్రీ తిరుగుతుందని వైద్యుల్లో పాత లెక్క ఒకటున్నది. ఎముక వెడల్పు 57 మిల్లీమీటర్లున్నప్పుడే అది నిజం. 50 మిల్లీమీటర్ల ఎముకలో 10 మిల్లీమీటర్లు తెరిస్తే 10 డిగ్రీలు కాదు, 11 దాటుతుంది. ఒక్క డిగ్రీ అనుకుంటాం గాని, ఎక్కువ సరిచేస్తే బయటి గది అరగడం మొదలవుతుంది. తక్కువ సరిచేస్తే నొప్పి తగ్గదు.

లోహం మాట కూడా చెప్పుకోవాలి. ఉక్కు ఎముక కంటే సుమారు పది రెట్లు బిరుసు. టైటానియం అందులో సగమే. ప్లేటు మరీ బిరుసైతే బరువంతా తానే మోసి ఎముకను సోమరిని చేస్తుంది. ఎముకకు కాస్త కదలిక, కాస్త భారం తగిలితేనే అతుకు గట్టిపడుతుంది. మరీ మెత్తనైతే ప్లేటే విరుగుతుంది.

ఈ చిక్కుకు బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు దర్జీ దారే పట్టారు. ప్రొఫెసర్ రిచీ గిల్ బృందం తయారుచేసిన పద్ధతి పేరు టోకా. ముందు రోగి కాలును సి.టి. స్కాన్ తీస్తారు. దాన్నిబట్టి కంప్యూటర్‌లో ఎముక రూపు కట్టి, కోత ఎక్కడ, సందు ఎంత అన్నది నిర్ణయిస్తారు. ఆ ఎముకకే అతికేలా ప్లేటు గీసి, టైటానియం పొడిని పొర మీద పొరగా కరిగించి త్రీడీ ప్రింటింగ్‌లో తయారుచేస్తారు. రంపం పక్కకు జారకుండా దారి చూపే అచ్చు కూడా వెంట వస్తుంది. మనుషులకు పెట్టక ముందు 28 మంది స్కాన్‌లతో కంప్యూటర్‌లోనే పరీక్ష జరిపి, 2021లో ఫలితాలు ప్రకటించారు. మామూలు ప్లేటుతో పోలిస్తే భద్రతకు లోటు కనిపించలేదు. రెండు గంటల శస్త్రచికిత్స అరగంటకు తగ్గగలదని వారి అంచనా. ఇటలీలోని బొలోన్యా నగరంలో రిజ్జోలీ సంస్థలో రోగులకు అమర్చి చూశారు. 2022లో బ్రిటన్‌లోనూ మొదలుపెట్టారు. పదేళ్లు, పదిహేనేళ్లు నడిచాక ఎలా వుంటుందో కాలమే చెప్పాలి. అంతవరకు దీన్ని సంజీవనిగా ప్రచారం చేయడం తగదు.

వంకర కాళ్ల కథ తెలుగువారికి కొత్తది కాదు. నల్గొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడాన్ని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అటువంటి వంకరకూ ఎముక కోసి నిలబెట్టడమే శస్త్రచికిత్స. ఎటు వంగినా ఎముక కొలతతోనే పని.

ఆ కొలతలు మన మనుషులవి సేకరించి, మన దగ్గరే ప్లేట్లు చేయడానికి అడ్డేమిటి? విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీ కోసం మెడ్‌టెక్ జోన్ పెట్టి 2018 డిసెంబరులో ప్రారంభించారు. లోహపు కీళ్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో కళ్లెం వేసింది. సాధారణ రకానికి పన్ను కాక 54,720 రూపాయలని పరిమితి పెట్టింది. అప్పటిదాకా దుకాణదారుడు చెప్పిందే ధర. కొలతకు చేసిన ప్లేటు వచ్చిననాడు దాని ధరనూ అదే కంటితో చూడాలి. లేకుంటే అది నగరపు ఆసుపత్రుల గాజు తలుపుల వెనకే వుండిపోతుంది.

2022 ఏప్రిల్‌లో ముదినేపల్లి ఏలూరు జిల్లాలోకి వెళ్లినా, మోకాలి వైద్యానికి గుడివాడ, విజయవాడ దారి పట్టడం మానలేదు. ఆ దారి పట్టేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ శస్త్రచికిత్స అందరికీ కాదు. అరుగుదల ఒక్క లోపలి గదిలోనే వుండి, కాలు బయటికి వంగి, మోకాలు బాగా ముడిచి చాపగలిగి, వయసు అరవై లోపుగా వున్నవారికి ఎక్కువ మేలు. రెండు గదులూ అరిగాక వెళితే ప్లేటు ఎంత బాగా కుదిరినా లాభం లేదు. చుట్ట, బీడీ కాల్చేవారికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది. ముందే మానాలి. మన లంకల పొగాకు మీద మమకారమున్నవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

మంచం మీద పడుకోబెట్టి మోకాలికి మాత్రం తీసిన ఎక్స్‌రేలో వంకర సరిగా తెలియదు. నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా కాలు మొత్తం కనపడేలా తీసినదే కావాలి. దాని మీద బరువు గీత గీసి చూపమని వైద్యుణ్ణి అడగవచ్చు. శస్త్రచికిత్స తర్వాత కొన్ని వారాలు కర్రల సాయం, ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలేదాకా నెలల కొద్దీ బరువు పనికి దూరం. కనుక తొలకరికి ముందు కాకుండా, కోతలు అయిపోయి ధాన్యం ఇంటికి చేరాక చేయించుకుంటే పనులకూ ఇబ్బంది వుండదు, కాలికీ తీరిక దొరుకుతుంది.