రెండు రంధ్రాల పెట్టె

జనగామ జిల్లాలోని పాలకుర్తిని ఇంటిపేరుగా ధరించిన మహాకవి పాలకురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఆనాటి జనులు పాడుకొనే పదాల పేళ్లు వరుసగా చెప్పినాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు మొదలైన ఈ పట్టికను తరగతిలో చెప్పని తెలుగు ఉపాధ్యాయుడు అరుదు. అయితే, తుమ్మెద పదాన్ని ఆ కాలంలో ఏ వరుసలో పాడేవారని ఒక విద్యార్థి లేచి అడిగితే మనవద్ద సమాధానం లేదు. పేరు తాటాకు మీదికి ఎక్కినది, గొంతు ఎక్కలేదు. తప్పు సోమనాథునిది కాదు. ధ్వనిని పట్టి నిలిపే సాధనం అప్పటికి లోకంలో ఎక్కడా లేదు.

నేడు ఆ సాధనం అరచేతిలోకి వచ్చినది. దానిని ఆడియో ఇంటర్ఫేస్ అంటున్నారు. బల్ల మీద ఒక నిఘంటువు ఆక్రమించే చోటు కూడ దానికి అక్కరలేదు. ముందువైపు మైకు తీగలు దూర్చే రెండు రంధ్రాలు, రెండు మరలు, చెవికి తగిలించుకొనే యంత్రానికి మరొక రంధ్రం. వెనుకవైపు కంప్యూటరుకు పోయే ఒక తీగ. ఇంతే దాని స్వరూపం.

ఇంత చిన్నదానికి వెనుక ఉన్న చరిత్ర చిన్నది కాదు. ఎడిసన్ 1877లో ధ్వనిని తగరపు రేకుపై గీసి తిరిగి వినిపించినాడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను పలకకు పాడినది. ఆ పలక పట్టేది సుమారు 3 నిమిషాలు. గంటల తరబడి సాగే రాగాన్ని ఆమె ఆ 3 నిమిషాలలో ఇమిడ్చి, చివర తన పేరు తానే బిగ్గరగా చెప్పి ముగించినది. యంత్రం కొలతకు పాట ఒదగడం ఆనాడే ఆరంభమైనది. తరువాత టేపు వచ్చినది, స్టూడియోలు వచ్చినవి, మంచమంత మిక్సింగు బల్లలు వచ్చినవి. జనగామ గాయకుడు తన గొంతును పదిలపరచుకోవలెనంటే మద్రాసుకో హైదరాబాదుకో పోవలసివచ్చినది. ఓరుగల్లు ప్రాంతమువారే అయిన బిరుదురాజు రామరాజుగారు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి 1956లో డాక్టరేటు పొందినారు. మనకది మహోపకారం. అయినను, పుస్తకం మోయగలిగినది మాటను మాత్రమే గదా!

1985లో ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ స్థాపించిన ఫోకస్‌రైట్ సంస్థ మొదట మహా స్టూడియోల మిక్సింగు బల్లలకు కావలసిన పరికరాలను చేసినది. అదే సంస్థ 2011లో స్కార్లెట్ అనే ఎర్రని చిన్న పెట్టెలను అమ్మకానికి తెచ్చినది. ఇటువంటివి అనేక సంస్థలు చేస్తున్నవి. ఒకప్పటి స్టూడియో గదిలోని పనిలో పెద్దభాగం ఇప్పుడీ పెట్టెలో నడుస్తున్నది.

అది చేసే పని స్థూలంగా రెండు. మైకునుండి వచ్చే విద్యుత్తరంగం బహు క్షీణమైనది. దానిని మొదట బలపరుస్తుంది. ఆ బలాన్ని పెంచి తగ్గించే మరనే గెయిన్ అంటారు. పిదప ఆ తరంగాన్ని క్షణానికి 48,000 మార్లు కొలిచి అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందిస్తుంది. మనిషి చెవి సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. దానికి రెట్టింపుకు మించి కొలిస్తే ధ్వని పూర్తిగా చిక్కుతుందని గణితశాస్త్రం రుజువు చేసినది. ఒక్కొక్క కొలతను 24 బిట్ల సంఖ్యగా వ్రాస్తుంది. అనగా అతి మెల్లని ధ్వనికి, అతి బిగ్గర ధ్వనికి నడుమ ఒక కోటి 67 లక్షలకు పైగా మెట్లున్నవన్నమాట. లెక్కల ఉపాధ్యాయులు 2ను 24 మార్లు హెచ్చించి చూపితే పిల్లలకు తెలిసిపోతుంది. కండెన్సరు జాతి మైకులకు కావలసిన 48 వోల్టుల విద్యుత్తును కూడ ఈ పెట్టెయే మైకు తీగగుండా పంపుతుంది.

యంత్రం సంగతి ఇంతటితో చాలు. అసలు చిక్కు ఆ రెండు రంధ్రాల వద్ద ఉన్నది.

జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు దేశమంతటా ఖ్యాతి తెచ్చి, 2014వ సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారం పొంది, 2017 నవంబరులో దివంగతులైనారు. ఒగ్గుకథను కన్నులార చూచినవారికి తెలుసు, అందులో పాడేది ఒక్కరు కాదు. ప్రధాన కథకుడు ఒక చరణం విసిరితే వంతవాడు అందుకొంటాడు, సందేహం వెలిబుచ్చుతాడు, వేళాకోళమాడుతాడు. డోళ్లు ఉరుముతవి, తాళాలు మ్రోగుతవి. కూర్చున్న జనం ఊ కొడుతుంది, నవ్వుతుంది, మల్లన్న పేరు వినగానే కేక వేస్తుంది. మన పెట్టెకేమో రంధ్రాలు రెండే! నాలుగు, ఎనిమిది ఉన్నవి కూడ దొరుకుతవి కాని, ఒక పాఠశాల కొనగలిగేది తరచు ఈ రెండింటి పెట్టెనే. ఆ రెండింటిలో ఎవరిని కూర్చోబెట్టవలె?

స్టూడియో అలవాటు పడినవారు కథకునికొకటి, డోలుకొకటి అంటారు. నేనొప్పుకోను. డోలు ఎవరూ పిలువకుండానే ప్రతి మైకులోకి వచ్చి కూర్చుంటుంది. దానికి ప్రత్యేకాసనం అక్కరలేదు. ఒక మైకు కథకునికి, వంతకు నడుమ ఉండవలె. రెండవది జనంవైపు తిరగవలె. ఊ కొట్టేవారు లేని ఒగ్గుకథ గోడకు చెప్పినట్లుంటుంది. వంతవాడిని మరునాడు వేరుగా పిలిపించి, చెవులకు యంత్రం తగిలించి, కథకుని గొంతు వినిపిస్తూ పాడించి అతికించేవారున్నారు. శ్రుతి కలుస్తుంది, లయ కలుస్తుంది. ఒకరినొకరు చూచుకొన్నప్పుడు అప్పటికప్పుడు పుట్టే చమత్కారం మాత్రం పుట్టదు.

దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగానానికిగాను 2024లో పద్మశ్రీకి ఎంపికైనారు. ఆ కళలో చిక్కు మరొకటి. పాత్రధారి నిలిచిన చోట నిలువడు, మైకు మాత్రం కదలదు. కనుక దానిని రంగానికి కొంత దూరంగా ఉంచి, గొంతుతోపాటు గజ్జెల రాకపోకలను కూడ పట్టవలసి ఉంటుంది.

మహబూబాబాదు వైపు వెళితే సంగతి మరింత సున్నితమవుతుంది. ఆ జిల్లా జనాభాలో మూడవ వంతుకు పైగా గిరిజనులు. వారిలో లంబాడీలే అధికం. వారి భాషకు అనాదిగా సొంత లిపి లేదు. పెండ్లికూతురు అత్తవారింటికి పోయేవేళ అయినవారిని కౌగిలించుకొని రాగం తీస్తూ ఏడ్చే పాటను వారు ఢావ్లో అంటారు. దానిని తెలుగు లిపిలో వ్రాయవచ్చు. కాని, ఎక్కడ పాట ఆగి ఏడుపు మొదలైనదో ఏ లిపి వ్రాయగలదు? ఆ ఎక్కిళ్ల నడుమ విడిచిన నిట్టూర్పును సైతం 24 బిట్ల పెట్టె పట్టగలదు. పట్టగలదు గనుక పట్టి తీరవలెనని లేదు. ఏడుస్తున్న పిల్ల ముఖంముందు మైకు గుచ్చడం మర్యాద కాదు. పెద్ద ముత్తైదువను అడిగి, ఆమె సమ్మతించి తీరికవేళ పాడితే చాలును.

భూపాలపల్లి అడవుల వైపు కోయలున్నారు. కోయల వంశచరిత్రలను పడిగె అనే చిత్రించిన గుడ్డను సాక్షిగా నిలిపి డోలీలనే గాయకులు పాడుతారు. మేడారం సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోను తెలుగులోను పాడగలిగిన సకిని రామచంద్రయ్య పొరుగున ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లావారు. 2022లో పద్మశ్రీ పొందిన ఆయన 2024 జూన్‌లో కన్నుమూసినారు. ఇటువంటి గాయకుడు పోయినప్పుడు ఆయన కంఠస్థం చేసినదానిలో ఎవరూ రికార్డు చేయని భాగం ఆయనతోనే పోతుంది. ఆ లోటును తరువాత ఏ పెట్టె తీర్చలేదు.

ఇదే పెట్టెతో నేడు చిన్న పట్టణాలలో జానపదగీతాలు విరివిగా తయారవుతున్నవి. పిల్లలకు ఉపాధి దొరుకుతున్నది, సంతోషమే. కాని, యంత్రపు టిక్కుటిక్కుకు లయను కట్టి, గొంతులోని ప్రతి జారుడును సరిదిద్ది, 4 నిమిషాలలో ముగిస్తున్నారు. గౌహర్ జాన్‌కు 3 నిమిషాల నిర్బంధం పలక విధించినది, మనకు విధించినవారెవరు? లెక్క చూడండి. రెండు మైకుల ధ్వని 24 బిట్లలో గంటకు సుమారు ఒక గిగాబైటు. రాత్రి 6 గంటలు సాగే కథ అంతా 6 గిగాబైట్లు దాటి కొద్దిగా. బొటనవేలంత నిలువపరికరంలో రెండు కథలు పడుతవి. గ్రామఫోను కాలమైతే ఆ ఒక్క కథకు 120 పలక ముఖాలు కావలసివచ్చేవి.

ఇక పూనుకొనే ఉపాధ్యాయులకు నాలుగు మాటలు. గెయిన్ మరను డోలు గట్టిగా మ్రోగించి చూచుకొని నిలుపవలె. గరిష్ఠ మట్టానికి 12 డెసిబెళ్లు దిగువన ఉంటే క్షేమం. ఎర్రదీపం వెలిగినచోట ధ్వని తల తెగినట్లే, మళ్లీ అతకదు. మెల్లగా వచ్చినదానిని తరువాత పెంచుకోవచ్చు. ల్యాప్‌టాపును బ్యాటరీపై నడిపితే కరెంటు తీగల రొద దూరదు. ఆరుబయట మైకుకు స్పంజి తొడుగు మరువరాదు.

పాట ముగియగానే పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరివద్ద నేర్చినదీ వారి నోటనే చెప్పించి రికార్డు చేయవలె. ఎవరికి వినిపించవచ్చునో, ఎవరికి వినిపించరాదో కూడ వారినే అడుగవలె. ప్రతులు మూడు తీయవలె: ఒకటి పాఠశాలకు, ఒకటి వేరొక ఊరిలో దాచడానికి, మూడవది పాడినవారి ఇంటికి. మూడవది తపాలాలో పంపక, పిల్లలే తీసుకొనిపోయి వారి ఇంట కూర్చొని వినిపించి రావలె. తప్పుగా వ్రాసుకొన్న మాటలు అప్పుడే బయటపడుతవి.